తొమ్మిదిమందికి ఒక్క సోంగా

గాంగ్యంగ్ సంతలో ఊరబెట్టిన రొయ్యలమ్మే కొట్లు నూరుకు తక్కువుండవు. అయినా ఓక్‌బున్ గొంతు వినపడనిదే మా వీధికి తెల్లవారదు. ఆ సోమవారం కూడా అంతే. చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టుకునే రోజులు దగ్గరపడ్డాయి, అందులోకి ఈ రొయ్యలు పడాల్సిందే కాబట్టి పొద్దున్నే జనం మొదలయ్యారు. ఆవిడ ఒక చేత్తో జాడీలోంచి గరిటెతో రొయ్యలు తీస్తూ, రెండో చేత్తో కొనవచ్చినవాళ్ళకి ఒక్కో రొయ్య రుచికి అందిస్తూ, మధ్యలో కూతురి సంగతి చెబుతోంది. ఆవిడ దగ్గర రొయ్య రుచి చూసినవాళ్ళు కూతురి కథ కూడా వినాల్సిందే, తప్పించుకునే దారి లేదు.

కూతురి పేరు సోంగా. ముప్ఫై ఎనిమిదేళ్ళది. సియోల్లో పాటల నాటకాల్లో వేషాలు వేస్తుంది. పదిహేడేళ్ళుగా అదే పని. ఈ ఏడు ఒక పెద్ద థియేటర్లో, పాతకాలపు రేవు పట్నం కథతో ఆడుతున్న నాటకంలో చేరింది. చేరిన రోజు ఫోన్ చేసి, తొమ్మిదిమంది వేషాలు నేర్చుకుంటున్నానమ్మా అని చెప్పిందట. అంతే, ఓక్‌బున్ ఫోన్ పెట్టేసి పరుగెత్తుకొచ్చింది నా కొట్లోకి. మా అమ్మాయి ఒకే నాటకంలో తొమ్మిది వేషాలు వేస్తోందక్కా అని నాకు చెప్పింది. మధ్యాహ్నానికి సంతంతా ఆ మాటే.

ఓక్‌బున్ కొట్టు పక్కనే నాది. ఎండు సముద్రపు నాచు అమ్ముతాను. మా ఇద్దరి కొట్లకీ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. చెవులు మూసుకున్నా అవతలి మాటలు వినపడతాయి. చెవులు మూసుకునే అలవాటు నాకు ఎలాగూ లేదు.

ఆ శనివారం ఓక్‌బున్ మొగుడు దొక్‌సూకి డెబ్భై నిండుతాయి. డెబ్భయ్యో పుట్టినరోజంటే అందరూ ఊళ్ళోనే భోజనాలు పెడతారు. ఓక్‌బున్ అలా చేస్తే ఓక్‌బున్ ఎలా అవుతుంది? బస్సు మాట్లాడింది. సంతలో ముప్ఫై ఎనిమిదిమందిమి సియోల్ వెళ్ళడం, మధ్యాహ్నం రెండింటి ఆటలో సోంగాని చూడడం, ఆ పక్క వీధిలోనే హోటల్లో విందు. కిమ్చీ రోజుల్లో శనివారం కొట్టు మూయడమంటే మా సంతలో మామూలు మాట కాదు. అయినా అందరం సరేనన్నాం. సోంగా మా కళ్ళముందు పెరిగిన పిల్ల. ఏడేళ్ళప్పుడు తల్లి కొట్టు ముందు ఉప్పు బస్తా మీద నిలబడి పాడితే బేరాలు ఆగిపోయేవి.

ఒక్క గిల్‌జా మాత్రం మూతి తిప్పింది. ఎండు నెత్తళ్ళమ్మే మనిషి. ఆవిడకీ ఓక్‌బున్‌కీ ముప్ఫై ఏళ్ళుగా ఉప్పూ నిప్పూ. "కిందటి నాటకానికి నీ మాట నమ్మి వెళ్ళాను. మీ అమ్మాయి రెండు గంటలసేపూ చెట్టు వెనకాలే నిలబడింది. ఈసారైనా ముఖం కనబడుతుందా?" అంది. ఈసారి తొమ్మిదిసార్లు కనబడుతుంది, నీ కళ్ళు నొప్పెడతాయి అని ఓక్‌బున్ జవాబిచ్చింది. ఆ మాటతో గిల్‌జా కూడా బస్సులో సీటు రాయించుకుంది.

ఇదంతా సోంగాకి చెప్పలేదు. పోయి ఒక్కసారిగా ఆశ్చర్యపరచాలని ఓక్‌బున్ పట్టుదల. దొక్‌సూకి మాటలే తక్కువ, ఆయన నోరు జారతాడని ఎవరూ అనుకోలేదు. ఆదివారం ఆయనే కూతురికి ఫోన్ చేసి, శనివారం వస్తున్నాం కదా, నీకు రొయ్యలు తేవాలా పీతలు తేవాలా అని అడిగాడు. సోమవారం థియేటరుకి సెలవు. పొద్దున పది గంటలకల్లా సోంగా రైలు దిగి కొట్లోకి వచ్చేసింది.

నేను నాచు కట్టలు సర్దుతున్నాను. సోంగా గొంతు వినగానే చేతులు ఆగాయి. ఆ పిల్ల ఎప్పుడొచ్చినా ముందు నా కొట్లోకి తొంగిచూసి పెద్దమ్మా అని పిలుస్తుంది. ఆరోజు పిలవలేదు.

"అమ్మా, శనివారం నేను స్టేజీ మీద ఉండను" అంది.

ఓక్‌బున్ నవ్వింది. పోస్టరు మీద నీ పేరుంది, చూశాను అంది. చివర్లో ఉందమ్మా, ఎందుకుందో చెబుతాను, కూర్చో అంది సోంగా. ఆ తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఆ నాటకం బృందగానంలో తొమ్మిదిమంది ఆడవాళ్ళున్నారు. ఒకామె చాకలి, ఒకామె మంత్రసాని, ఒకమ్మాయి దీపాలమ్మే పిల్ల, అలా ఒక్కొక్కరికి ఒక్కో వేషం. వాళ్ళలో ఎవరికి జ్వరమొచ్చినా, కాలు బెణికినా, గొంతు పోయినా, ఆ పూట ఆ వేషం సోంగా వేస్తుంది. అందుకని తొమ్మిదిమంది పాటలూ, అడుగులూ, ఎవరెప్పుడు ఎటునుంచి వచ్చి ఎటు పోతారో అన్నీ వచ్చి ఉండాలి. రోజూ వెళ్ళాలి, రోజూ గొంతు సవరించుకుని సిద్ధంగా కూర్చోవాలి. ఎవరికీ ఏమీ కాకపోతే ఆట అయ్యాక ఇంటికి రావాలి. ఆ పని చేసేవాళ్ళని వాళ్ళు స్వింగ్ అంటారట.

 గోడ అవతల జాడీ మీద మూత పెట్టిన శబ్దం వినపడింది.

"అంటే పక్కవాళ్ళకి జబ్బు చేస్తేగాని నీకు వేషం లేదు."

"లేదు."

"అయితే శనివారం ఒకళ్ళకి జబ్బు చేయించు."

నేను ఇటుపక్క నాలుక కరుచుకున్నాను. సోంగాకి కోపం రాలేదు. దీపాల పిల్ల వేషం వేసే దాన్‌బీ తన స్నేహితురాలేననీ, ఈ సంగతి తెలిసి తనే ముందుకొచ్చిందనీ చెప్పింది. శనివారం మధ్యాహ్నం కడుపునొప్పని పడుకుంటాను, మీ నాన్న చూసేలా నువ్వు వెయ్యి అందట. సోంగా వద్దందట.

"దానంతటది ఇస్తానంటే వద్దనడమేమిటే?" అంది ఓక్‌బున్.  "ముప్ఫై ఎనిమిదిమంది. ఆ గిల్‌జా కూడా వస్తోంది. నా తల ఎక్కడ పెట్టుకోమంటావు?"

"నేను వేషం కోసం కూర్చోలేదమ్మా. ఆట ఆగకుండా ఉండడం కోసం కూర్చున్నాను. ఒక్కసారి దొంగ కడుపునొప్పి మీద స్టేజీ ఎక్కానంటే, రేపు నిజంగా నొప్పొచ్చినవాళ్ళు నన్ను నమ్మి ఇంట్లో పడుకోగలరా?"

ఆ మాట నాకర్థమైంది. ఓక్‌బున్‌కి ఆ క్షణాన అర్థం కాలేదు. ఆవిడ కోపమంతా ఆవిడ నమ్మకంలోంచే వచ్చింది. మా ఊళ్ళో కూతురు నాటకాల్లోకి వెళ్తానంటే కాళ్ళు విరగ్గొడతామన్న తల్లులున్నారు. ఓక్‌బున్ మాత్రం తానే వెంటపెట్టుకెళ్ళి సంగీతం కాలేజీలో చేర్పించింది. ఎవరేమన్నా మా పిల్ల పెద్దదవుతుంది చూడండి అంటూ పదిహేడేళ్ళు నిలబడింది. అలాంటి మనిషి నోటివెంట ఆరోజు రాకూడని మాట వచ్చింది.

"పదిహేడేళ్ళు. పక్కవాళ్ళ జ్వరం కోసం కాచుకుని కూర్చోవడానికా నేను నిన్ను చదివించింది? రా, వచ్చి ఈ కొట్లో కూర్చో. ఇక్కడైతే కనీసం నీ ముఖం నలుగురికీ కనబడుతుంది."

 బస్సు మానెయ్యండి, నాన్న పుట్టినరోజు ఇక్కడే చెయ్యండి అని చెప్పి సోంగా లేచింది. అన్నం కూడా తినకుండా స్టేషనుకి నడిచింది. దొక్‌సూ ఆ పిల్ల సంచీ పుచ్చుకుని వెనకే వెళ్ళాడు. నేను గుమ్మంలోకి వచ్చి చూశాను. తండ్రీకూతుళ్ళు పక్కపక్కన నడుస్తున్నారు.

ఓక్‌బున్ బస్సు మాననూ లేదు, నిజం చెప్పనూ లేదు. మూడు రోజులు సంతలో ఆవిడ గొంతు వినపడలేదు. రొయ్యలు అడిగినవాళ్ళకి రొయ్యలిచ్చి ఊరుకుంది. ఒంట్లో బాగాలేదేమోనని అందరూ అనుకున్నారు. నా సంగతి అడక్కండి. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన బతికున్నన్నాళ్ళూ దెప్పేవాడు. అలాంటి నేను మూడు రోజులు నోరు కట్టుకున్నాను.

గురువారం పొద్దున ఓక్‌బున్ నా కొట్లోకి వచ్చింది. మంచి చీటీ గుడ్డలో కట్టిన చిన్న జాడీ చేతిలో ఉంది. ఆషాఢంలో పట్టి ఊరబెట్టిన తెల్ల రొయ్యలు, కొట్లో ఉన్నవాటిలో మేలైనవి. సియోల్ వెళ్ళాలి, తోడు రా అక్కా అంది. ఎందుకని అడగలేదు. థియేటర్లో ఎవరికే వేషమో చూసే పెద్దమనిషిని బతిమాలుకోవడానికని జాడీయే చెబుతోంది.

థియేటరు వెనక తలుపు దగ్గర కాపలా మనిషి ఆపాడు. ఓక్‌బున్ సోంగా తల్లినని చెప్పింది. ఆ మాటకి అతను కుర్చీలోంచి లేచి నడుం వంచి దణ్ణం పెట్టాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కాసేపటికి స్టేజీ మేనేజరు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. నిద్ర చాలని కళ్ళు. ఆవిడ కూడా వంగి వంగి దణ్ణాలు పెట్టింది. లోపల కొత్తమ్మాయికి నేర్పిస్తున్నారు, సోంగానే నేర్పిస్తోంది, చప్పుడు చెయ్యకుండా వెనక కూర్చుంటే చూడొచ్చు అంది.

చీకటి హాల్లో చివరి వరసలో కూర్చున్నాం. స్టేజీ అంచున వరసగా అంకెలు వేసి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళు కూడా లేని ఒకమ్మాయి ఏడుపు ముఖంతో నిలబడి ఉంది. చాకలి వేషం వేసే ఆమె కాన్పుకి వెళ్తోందట, ఈ పిల్ల ఆ చోట్లోకి రావాలి. వెనకనుంచి తోపుడు బండి వస్తుంటే ప్రతిసారీ దాని కిందకే వెళ్తోంది. సోంగా పాత బూడిదరంగు బనీను వేసుకుని, జుట్టు ముడేసుకుని పక్కన నిలబడింది. "ఆరో అంకె మీద ఆగు. నన్ను చూడకు, బండిని చూడకు. మంత్రసాని ఊపిరి పీలుస్తుంది, అది విన్నాక కదులు" అని చెప్పింది. మిగతావాళ్ళు అక్కడ లేరు. కాబట్టి మంత్రసాని చోటికి తనే పరుగెత్తి ఆ పాట పాడింది, అక్కణ్ణుంచి కల్లు దుకాణం ఆవిడ చోటికి వెళ్ళి గొంతు మార్చి పాడింది, తిరిగొచ్చి బండి తోసింది. నాలుగోసారికి ఆ పిల్ల బండిని తప్పించుకుని సరిగ్గా ఆరో అంకె మీద ఆగింది. ఆగి, సోంగాని పట్టుకుని ఏడ్చేసింది.

మేనేజరు మా చెవి దగ్గరికి వంగి చెప్పింది. కిందటి నెల ఒకే పూట ఇద్దరు జ్వరంతో పడిపోయారట. సోంగా మొదటి సగంలో మంత్రసాని, రెండో సగంలో వంటమనిషి. హాలు నిండా జనం, ఒక్కరికీ తెలియలేదట. "తెలియకుండా చెయ్యడమే కష్టమమ్మా. దేశంలో ఇది ఇంత బాగా చేసేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈవిడ లోపల ఉందంటేనే నేను ధైర్యంగా తెర తీయిస్తాను" అంది. తర్వాత, మీరేదో పని మీద వచ్చినట్టున్నారు, ఏమిటో చెప్పండి అని అడిగింది.

ఓక్‌బున్ నా మణికట్టు పట్టుకుని ఉంది. నాకు నొప్పెడుతోంది గాని వదిలించుకోలేదు. ఆవిడ జాడీ తీసి మేనేజరు చేతిలో పెట్టింది. పనేమీ లేదండీ, అందరూ అన్నంలో వేసుకుని తినండి, మేమొచ్చినట్టు మా అమ్మాయికి చెప్పకండి అంది.

తిరుగు రైల్లో ఉడికించిన గుడ్లు కొని చెరొకటి ఒలుచుకున్నాం. ఓక్‌బున్ గుడ్డు చేతిలోనే పెట్టుకుని కూర్చుంది. నేను ఆ మాట అనకుండా ఉండాల్సిందక్కా అంది. అవును, అనకుండా ఉండాల్సింది అన్నాను. ఓదార్చడం నాకు చేతకాదు. పైగా అది నిజం.

శనివారం పొద్దున్నే బస్సు కదిలింది. మా ఊరి బస్సు ప్రయాణాలు తెలిసినవే కదా. ఊరు దాటకముందే మైకు చేతులు మారుతుంది, పాటలు, చప్పట్లు, నడవలో చిందులు. చేపల వలలమ్మే ఆయన రెండు పాటలు పాడాక ఓక్‌బున్ లేచి మైకు తీసుకుంది. అందరూ ఆవిడ పాడుతుందనుకుని చప్పట్లు కొట్టారు. ఆవిడ ఒక చేత్తో సీటు పట్టుకుని నిలబడింది.

"ఈరోజు మా సోంగా స్టేజీ మీద ఉండదు. తొమ్మిది వేషాలు వేస్తుందని మీ అందరికీ చెప్పాను. అది తప్పు. తొమ్మిది వేషాలు వచ్చు. ఎవరు పడిపోతే వాళ్ళ చోట్లో నిలబడుతుంది. అది నా కూతురి పని. ఈరోజు అది కనబడలేదంటే, ఆ తొమ్మిదిమందీ ఒంట్లో బాగుండి పాడుతున్నారని అర్థం. మీరూ అదే కోరుకోండి."

 కొందరు కిటికీలోంచి బయటికి చూశారు. ముప్ఫై ఏళ్ళ బాకీ తీర్చుకోవడానికి గిల్‌జాకి ఇంతకన్నా మంచి అదును దొరకదు. నేను సిద్ధంగా కూర్చున్నాను, ఒక్క వెకిలి మాటంటే నాలుగు వడ్డించాలని.

"మరి మేం ఎవర్ని చూడ్డానికి వెళ్తున్నట్టు?" అంది గిల్‌జా.

"నాటకాన్ని. అది ఒక్కరోజు కూడా ఆగలేదంటే ఎవరి వల్లో ఇప్పుడు నీకు తెలుసు."

 సరే, అయితే ఆ తొమ్మిదిమందినీ జాగ్రత్తగా చూడాలి, మళ్ళీ ఎవరు ఎవరో మర్చిపోతాం అని గిల్‌జా సంచీలోంచి కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. దొక్‌సూ ముందు సీట్లో కూర్చుని ఒక్కడే చప్పట్లు కొట్టాడు. తర్వాత ఒక్కొక్కరే కలిశారు.

ఆట మొదలయ్యాక మా వరసల్లో ఎవరూ కథానాయికని చూడలేదు. ఆ అమ్మాయి పాపం మధ్యలో నిలబడి ఎంత పాడినా, మేం ఇటు చాకలినీ అటు వంటమనిషినీ చూస్తూ కూర్చున్నాం. దీపాల పిల్ల అన్నయ్యని వెతుక్కుంటూ పాడినప్పుడు గిల్‌జా ముక్కు చీదింది. ఆ చీదడానికి ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

హోటల్లో దొక్‌సూకి పుట్టినరోజున తాగే సముద్రపు నాచు పులుసు వడ్డిస్తుండగా సోంగా వచ్చింది. సాయంత్రం ఆటకి ఆరింటికల్లా తిరిగి వెళ్ళాలి, గట్టిగా గంట కూడా లేదు. రంగు లేని ముఖం, వేలాడే భుజాలు. బస్సులో జరిగింది ఆ పిల్లకి తెలియదు కదా, అందరం వెక్కిరిస్తామనే వచ్చింది. గుమ్మంలోనే నేలకంటా వంగి, ఇంత దూరం రప్పించి నిరాశపరిచాను, క్షమించండి అంది.

"క్షమాపణలు తర్వాత" అంది గిల్‌జా. "ఆ దీపాల పిల్ల పాట నీకొచ్చా?"

సోంగా తల్లి వైపు చూసింది. ఓక్‌బున్ తల దించుకుని చెంచా తిప్పుతోంది. వచ్చు పిన్నీ అంది సోంగా. అయితే పాడు, అక్కడ ఎనభై అడుగుల దూరంలో పాడితే సగం వినపడలేదు అంది గిల్‌జా.

సోంగా బల్లల మధ్యకి వచ్చి నిలబడి పాడింది. పదేళ్ళ పిల్ల గొంతు వచ్చింది ఆ మనిషిలోంచి. ఆ పాట అయ్యీ అవకముందే వలలాయన మంత్రసాని అని కేకేశాడు. సోంగా రెండడుగులు పక్కకి వేసి, నడుం మీద చెయ్యి పెట్టింది. అంతే, మేం అరగంట కిందట చూసిన మంత్రసాని అక్కడుంది. ఒకరు కల్లు దుకాణం అన్నారు, ఒకరు వంటమనిషి అన్నారు. వడ్డించేవాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడిపోయారు. చాకలికి బట్టలు ఉతికింది, భూతవైద్యురాలికి కళ్ళు తిప్పింది, పెళ్ళికూతురికి తల వంచింది, రాణివాసం దాసికి అడుగులు చిన్నవి చేసింది. ఒక్క గొంతు ఇంకో గొంతులా లేదు. 

అందరం అయిపోయిందనుకున్నాం. దొక్‌సూ నోరు విప్పాడు.

"ఎనిమిదయ్యాయి. బిచ్చగత్తె మిగిలింది."

ఆయన లెక్కపెట్టుకుంటున్నాడని మాకెవరికీ తెలియదు. బిచ్చగత్తెకి నాటకం మొత్తంలో ఒకే ఒక్క చరణం ఉంది. సోంగా తండ్రి ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. వాకిలి తియ్యవమ్మా, వాన మొదలయింది అనే ఆ ఒక్క చరణం ఆయన ముఖంలోకి చూస్తూ మెల్లగా పాడింది. దొక్‌సూ పులుసు గిన్నె పక్కకి జరిపి, రెండు చేతులతో కూతురి తల పట్టుకున్నాడు.

ఓక్‌బున్ అప్పుడు లేచింది. ముప్ఫై ఎనిమిదిమంది ముందు, చెంచా చేతిలోనే ఉంది.

"గురువారం నేనూ పెద్దమ్మా వచ్చాం. వెనక కూర్చుని చూశాం. వేషం అడుక్కుందామని వచ్చాను, నిన్ను చూశాక నోరు రాలేదు. కొట్లో కూర్చోమన్నాను కదా ఆరోజు. ఆ మాట తప్పు. తల్లిని, నాకు తెలియాల్సింది, తెలియలేదు."

"నువ్వొచ్చావని తెలుసమ్మా" అంది సోంగా. "శుక్రవారం అందరికీ అన్నంలో రొయ్యలు పెట్టారు. ఒకటి నోట్లో వేసుకోగానే తెలిసింది. ఏడుపొచ్చి బయటికి వెళ్ళిపోయాను."

తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మేం కూడా ఏడ్చాం. గిల్‌జా అయితే నా భుజం మీది శాలువా లాక్కుని మరీ తుడుచుకుంది. తర్వాత టైమవుతోందని ఓక్‌బున్నే గాభరాపడి, కూతురి నోట్లో రెండు ముద్దలు కుక్కి, వెనక తలుపు దాకా తనే దిగబెట్టి వచ్చింది.

ఆదివారం పొద్దున సంత తెరిచేసరికి వీధి చివరిదాకా ఓక్‌బున్ గొంతు వినపడుతోంది. డేజన్ నుంచి కిమ్చీ రొయ్యలకి వచ్చిన ఎవరో కొత్తావిడ నోటికి ఒక రొయ్య అందిస్తూ, నిన్న రాత్రి ఆటలో కూడా మా అమ్మాయి స్టేజీ ఎక్కలేదండీ అని గర్వంగా చెబుతోంది. ఆ కొత్తావిడ పాపం రొయ్య నములుతూ నిలబడింది. ఎదురు కొట్లోంచి గిల్‌జా కేకేసి, అలా నిలబడతారేం, ఎందుకు ఎక్కలేదో అడగండి అంది.